అత్తగారి ఉపవాసం, ఎర్రగడ్డ పొట్టు, డజను గుడ్లు

ప్రశ్న: మాది కడప. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు ఐదు. ఫోనులో ఈస్టర్ గుడ్లకు రంగులు వేసే వీడియోలు చూసి పాప రోజూ నా ప్రాణం తీస్తోంది. పోయిన ఏడాది ఒకసారి ప్రయత్నించాను. హోళీకి మిగిలిన రంగుపొడి నీళ్ళలో కలిపి, ఉడికిన గుడ్లు అందులో వేశాను. సగం గుడ్లు ఉడికేటప్పుడే పగిలాయి. మిగిలిన వాటికి రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. ఒలిచి చూస్తే లోపలి తెల్లసొన కూడా గులాబీ రంగులో ఉంది. తినడానికి భయపడి అన్నీ పారేశాను. అప్పటి నుంచి ఆ మాట ఎత్తితేనే మా అత్తగారికి కోపం. "గుడ్డుకూ ప్రభువు తిరిగి లేవడానికీ ఏమిటి సంబంధం? ఇవన్నీ దొరల వేషాలు. తినే వస్తువుతో ఆటలా?" అంటారు. ఆవిడ ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు నలభై రోజులూ గుడ్డు, మాంసం ముట్టరు. వక్కాకు ఒక్కటే మానలేరు. మనిషి మంచిదే. క్రిస్మస్‌కు మా వీధిలో అందరికంటే పెద్ద నక్షత్రం ముగ్గు ఆవిడదే. ఆవిడ మాట కాదనలేను, పాప ముఖం చూడలేను. ప్లాస్టిక్ గుడ్ల పెట్టె కొనాలంటే డబ్బు దండగ అనిపిస్తోంది. ఇంట్లో ఉన్నవాటితో, ఆవిడకు కోపం రాకుండా ఏమైనా చేయగలమా?
– ఒక కోడలు, కడప

సమాధానం: అమ్మా, మీరు అడిగింది రంగుల గురించి, ఉత్తరం నిండా ఉన్నది మాత్రం అత్తగారు. అందుకని ముందు ఆవిడ సంగతి చూద్దాం. గుడ్లు కాసేపు ఆగుతాయి.

గుడ్డుకూ ఈ పండుగకూ సంబంధం ఏమిటన్న ఆవిడ ప్రశ్నకు జవాబు ఆవిడ ఉపవాసంలోనే ఉంది. మధ్యయుగాల ఐరోపాలో శ్రమల దినాలలో మాంసంతో పాటు గుడ్డు తినడం కూడా చర్చి నిషేధించింది. మనుషులు ఉపవాసం ఉంటారు గానీ కోళ్ళు ఉండవు కదా, అవి పెడుతూనే ఉంటాయి. తినకూడని గుడ్లు ఇంట్లో పోగుపడేవి. నలభై రోజులు గడిచి పండుగ వచ్చేసరికి ఇంటి నిండా గుడ్లే. నిన్నటిదాకా నిషిద్ధమైనది ఈరోజు విందు. దానికి కాస్త రంగు పూసి పిల్లల చేతిలో, పనివాళ్ళ చేతిలో, ఇరుగుపొరుగు చేతిలో పెట్టేవారు. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల లెక్కల్లో ఈస్టర్‌కు 450 గుడ్లు తెప్పించి రంగులు, బంగారు రేకు వేయించడానికి 18 పెన్నీలు పద్దు ఉంది. రాజుగారింట్లోనూ గుడ్డు గుడ్డే.

అంటే ఈస్టర్ గుడ్డు పుట్టింది సరిగ్గా మీ అత్తగారి లాంటి మనిషి ఉన్న ఇంట్లోనే. నలభై రోజులూ గుడ్డు తింటూ, చివరి రోజు దానికి రంగు వేసే మనలాంటి వాళ్ళకంటే, మానేసి ఎదురుచూసే ఆవిడకే ఆ గుడ్డు మీద హక్కు ఎక్కువ. కానీ ఈ మాట మీరు అనకండి. కోడలు చెబితే అది వాదన అవుతుంది. పాపతో అడిగించండి: "అవ్వా, నువ్వు ఇన్ని రోజులు గుడ్డు తినవు కదా, వెనకటి కాలంలో ఊరంతా మానేస్తే ఆ గుడ్లన్నీ ఏమయ్యేవి?" తరువాత సంగతి ఆవిడే చూసుకుంటారు.

దొరల వేషాలన్న మాటలోనూ ఆవిడ పూర్తిగా తప్పు కాదు. లండన్ మిషన్ వారు కడపలో అడుగు పెట్టింది 1822లో. వాళ్ళ వెంట ఎన్నో వచ్చాయి. కేకు వచ్చింది, క్రిస్మస్ తాత వచ్చాడు. రంగు గుడ్డు మాత్రం మన ఇళ్ళలోకి చాలా ఆలస్యంగా, ఫోను దారిన వచ్చింది. అయితే అది ఒక్క ఇంగ్లీషు దొరల సొత్తు కాదు. గ్రీకు దేశపు క్రైస్తవులు మంచి శుక్రవారానికి ముందురోజు, గురువారం నాడు, గుడ్లకు ఎరుపు ఒక్కటే వేస్తారు. ఆ ఎరుపు క్రీస్తు రక్తానికి గుర్తు. పండుగనాడు ఒకరి గుడ్డుతో మరొకరి గుడ్డును కొట్టి, ఎవరిది పగలకుండా నిలిస్తే వాళ్ళకు ఏడాదంతా మంచి జరుగుతుందంటారు. మూసిన పెంకు సమాధి, పగిలిన పెంకు తెరుచుకున్న సమాధి. చాక్లెట్ గుడ్లు, కుందేళ్ళు ఈ లెక్కలోకి రావు. వాటిని మన ఎండకు వదిలేయండి, గంటలో అవే కరిగిపోతాయి.

ఆ ఎరుపును గ్రీకు ఇల్లాళ్ళు పూర్వం నుంచీ దేనితో తీసేవారో తెలుసా? ఉల్లిపొట్టుతో. మన ఎర్రగడ్డ పొట్టుతో! కృష్ణాపురం ఉల్లిని విదేశాలకు పంపే జిల్లాలో కూర్చుని మనం రంగు పొట్లాల కోసం వెతుక్కుంటున్నాం.

ఇప్పుడు పోయిన ఏడాది సంగతి. గుడ్లు పారేసి మంచి పని చేశారు, దాని గురించి బాధపడకండి. గుడ్డు పెంకు గాజు కాదు, దానికి వేల సూక్ష్మ రంధ్రాలుంటాయి. పగిలిన చోటనే కాదు, పగలని చోట కూడా రంగు కొంత లోపలికి ఇంకుతుంది. హోళీ పొడి తినడానికి చేసింది కాదు, అందులో ఏమి కలిపారో డబ్బా మీద కూడా ఉండదు. కాబట్టి లోపలికి పోయినా హాని చేయని రంగే వాడాలి. బజారు రంగే కావాలంటే మిఠాయిలలో వాడేది, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు ఉన్నది తీసుకుని నాలుగు చుక్కలు వేయండి. నాకైతే వంటింటి రంగుల మీదే మనసు.

పగలడానికి కారణం వేరు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గుడ్డును మరిగే నీళ్ళలో వేస్తే పగలక ఏం చేస్తుంది? అరగంట ముందు బయట పెట్టండి. గిన్నెలో ఒకే వరుసగా పేర్చి, మునిగేంత మామూలు నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి అప్పుడు పొయ్యి వెలిగించండి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక మంట తగ్గించి పన్నెండు నిమిషాలు. రంగు మచ్చలుగా పట్టడానికి మన చేతి జిడ్డు కారణం. తాలింపు వేసిన చేత్తో గుడ్డు పట్టుకుంటే వేలి ముద్ర ఉన్న చోట రంగు అంటదు. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచి మొదలుపెట్టండి. ఇంకొక మాట, ఫారం కోడి తెల్ల గుడ్లే కొనండి. నాటుకోడి గుడ్డు రుచికి గొప్పదే గానీ దాని పెంకు ముందే గోధుమ రంగులో ఉంటుంది, దాని మీద పసుపు తప్ప ఏదీ నిగ్గు తేలదు.

ఇక పొట్టు పని. పండుగకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నుంచే వంటింట్లో ఒక గుడ్డసంచి తగిలించి, ఎర్రగడ్డ ఒలిచినప్పుడల్లా ఎండు పొట్టు అందులో వేస్తూ రండి. వారానికి రెండు పెద్ద గుప్పిళ్ళు కావడం కష్టమేమీ కాదు. తక్కువైతే కూరగాయల అంగట్లో గంప అడుగున రాలింది అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. అర లీటరు నీళ్ళలో పొట్టు వేసి అరగంట మరగనిస్తే నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్‌లా అవుతాయి. వడకట్టి, చల్లారాక రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. పెంకు దాదాపు అంతా సున్నపురాయి జాతి పదార్థమే. పులుపు దాన్ని పైపైన కాస్త తింటుంది, గుడ్డు మీద సన్నటి బుడగలు లేవడం పాపకు చూపించండి. అలా గరుకైన పెంకుకు రంగు గట్టిగా పడుతుంది. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పనికొస్తుంది, కానీ చెంచాలు చెంచాలు పోయకండి, పెంకు పెళుసై పొరలు లేస్తుంది.

ఇక్కడ ఒక పని ఉంది, నేను ఏ ఏడూ మానను. గుడ్లకు రంగు వేయడమంటే నా దృష్టిలో ఇదే. ఆ రోజుల్లో చింతచెట్టు లేత చిగురు వేస్తుంది. ఒక చిన్న రెమ్మ తుంచండి. చింతాకు, మునగాకు, కొత్తిమీర, ఏదైనా సరే, ఆకు సన్నగా చీలి ఉంటే బొమ్మ అందంగా వస్తుంది. ఉడికించని గుడ్డును తడిపి ఆకును దాని మీద పరచండి. తడికి అది అతుక్కుంటుంది. అంచులు లేస్తే వేలితో నొక్కి సర్దండి. ఈ ఒక్క పని పాప చిన్న వేళ్ళు మన వేళ్ళకంటే బాగా చేస్తాయి. పాత పలుచటి ఓణీ ముక్కను కానీ, చిరిగిన నైలాన్ సాక్సును కానీ గుడ్డు చుట్టూ బిగుతుగా లాగి వెనక దారంతో కట్టండి. ముడి వదులైతే ఆకు కిందికి రంగు చేరి బొమ్మ చెదిరిపోతుంది. ఆ మూటను పొట్టు నీళ్ళలో వేసి పన్నెండు నిమిషాలు సన్నటి మంట మీద ఉడికించండి. గుడ్డు ఉడకడమూ రంగు పట్టడమూ ఒకేసారి అయిపోతాయి. చల్లారాక దారం కోసి, ఆకు కొనను గోటితో పట్టి మెల్లగా లాగండి. ఇటుక రంగు గుడ్డు మీద చింతరెమ్మ తెల్లగా, ఒక్కొక్క ఈనె లెక్కపెట్టేలా నిలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆరాక ఒక చుక్క వంటనూనె రాసి తుడిస్తే మెరుస్తుంది.

బాల్టిక్, బాల్కన్ ప్రాంతాల్లో తరతరాలుగా చేసే పద్ధతి ఇది. అక్కడి ఆకులు వేరు, అంతే.

రెండో రంగు పసుపు. దీనికి మైదుకూరు పసుపే కావాలని నేననను గానీ అది ఉన్న జిల్లాలో పొట్లం పసుపు దేనికి? అర లీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాల పొడి, పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వెనిగర్ కలిపి, ఉడికిన గుడ్లను అందులో అరగంట ఉంచండి. ముదురు రంగు కావాలంటే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. తీసి ఆరబెట్టండి.

ఇప్పుడు మీ అత్తగారి వక్కాకు పెట్టె తెప్పించండి. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు, పారాణి చేసే చేతులకు ఇది నేర్పాలా? పసుపు గుడ్డు మీద అగ్గిపుల్ల కొనతో తమలపాకు సున్నం కొద్దిగా అద్ది గీత గీస్తే, గీసిన చోటల్లా ఎర్రబడుతుంది. సిలువ గీయవచ్చు, ఆవిడ నక్షత్రం ముగ్గును చిన్నది చేసి గీయవచ్చు. ముందు ఒక్క గుడ్డు మీద చూసుకోండి, సున్నం పలుచన అయితే ఎరుపు ఆరాక వెలసిపోతుంది. ఈ పని ఆవిడ చేతిలోనే ఉండాలని నేననేది మర్యాద కోసం మాత్రమే కాదు. సున్నం కంట్లో పడితే పెద్ద ప్రమాదం. పిల్లలను ఆ పెట్టె దగ్గరికి రానీయకండి. వాళ్ళకు వంటసోడా నీళ్ళలో కలిపి దూది పుల్ల ఇవ్వండి. అంత గాఢంగా రాదు, నారింజ రంగు గీతలొస్తాయి. ఐదేళ్ళవాడికి అది చాలు, పసుపు రంగు మారడమే వాడికి ఇంద్రజాలం.

పండుగ వచ్చేదాకా గుడ్డును చేత్తో కూడా తాకనని ఆవిడ అంటే బలవంతం చేయకండి. రంగు మీరు శనివారం వేసి పెట్టండి. ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చాక ఆవిడ గీతలు గీస్తారు. శ్రమల దినాలు అప్పటికి అయిపోయినట్టే కదా.

మిగిలిన రంగుల గురించి ఎక్కువ చెప్పను. బీట్‌రూట్ గిన్నెలో చూస్తే పట్టుచీరలా ఉంటుంది, గుడ్డు మీదికి వచ్చేసరికి వెలిసిన లంగాలా ఉంటుంది. మరిగిస్తే ఇంకా పాడవుతుంది, పచ్చి రసంలో వెనిగర్ కలిపి ముంచితే కాస్త నయం. కంచె మీద శంఖుపూలు పూస్తుంటే ఇరవై ముప్ఫై కోసి వేడినీళ్ళలో వేయండి, నీలం దిగుతుంది. వెనిగర్ పోయగానే ఆ నీళ్ళు ఊదాకు తిరుగుతాయి. ఎండు మోదుగ పూలు దొరికితే నానబెట్టి మరిగించండి, పసుపూ నారింజా కాని ఒక మంచి రంగు. ఎర్ర క్యాబేజీ నీలం ఇస్తుంది, కానీ దాని కోసం బజారంతా తిరగవద్దు.

ముగ్గు వేసే చెయ్యి ఇంట్లో ఉంది కాబట్టి ఇంకొక పద్ధతి చెప్పకుండా ఉండలేను. ఉక్రెయిన్ వాళ్ళు గుడ్డు మీద కరిగిన తేనెమైనంతో గీతలు గీసి రంగులో ముంచుతారు. మైనం ఉన్న చోట రంగు అంటదు. మళ్ళీ గీసి ఇంకొక ముదురు రంగులో ముంచి, చివర కొవ్వొత్తి పక్కన వెచ్చబెట్టి మైనం తుడిచేస్తే కింది రంగులన్నీ బయటపడతాయి. దానిని పిసాంకా అంటారు, వాళ్ళ భాషలో రాయడం అన్న మాట నుంచి వచ్చింది. మన కలంకారీలో నీలిమందు వేసేటప్పుడు మైనంతో అడ్డుకట్ట వేసే పని కూడా ఇలాంటిదే. పిసాంకాను 2024లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చింది. వాళ్ళ పనిముట్టు మనకు అక్కర్లేదు. పెన్సిల్ వెనక రబ్బరులో ఒక గుండుసూది గుచ్చండి. దాని తలను కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి గుడ్డు మీద తాకించి లాగితే, మొదట లావుగా, చివర సన్నగా ఒక కన్నీటి చుక్క పడుతుంది. అలాంటి ఎనిమిది చుక్కలు గుండ్రంగా పెడితే పువ్వు. చుక్కల ముగ్గు వేసే మనిషికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. ఒక్క జాగ్రత్త, మైనం పెట్టిన గుడ్డును చల్లారిన రంగులోనే ముంచాలి. వేడి రంగులో వేస్తే పువ్వు కాస్తా నీళ్ళ మీద తేలుతుంది. పిల్లలకు మాత్రం తెల్ల కొవ్వొత్తి ముక్క ఇవ్వండి. ఉడికి చల్లారిన గుడ్డు మీద దానితో వాళ్ళ పేరు రాసి ముంచితే, కనిపించని పేరు రంగులో తేలుతుంది.

ఏళ్ళ తరబడి దాచుకోవాలనిపిస్తే పచ్చి గుడ్డుకు రంగులు వేసి దాచకండి. నేను ఆ తప్పు చేశాను. మా అబ్బాయి చిన్నప్పుడు ఒక పచ్చి గుడ్డు మీద గంటన్నర కూర్చుని లతలు గీసి, అద్దాల బీరువాలో వెండి గిన్నె పక్కన పెట్టాను. మే నెలలో ఒక మధ్యాహ్నం నిద్రలో ఉండగా టప్పుమని చప్పుడు వినిపించింది. తరువాత వచ్చిన వాసన గురించి రాయను. ఆ బీరువా తలుపులు వారం రోజులు తెరిచే పెట్టాం, చుట్టాలు ఎవరూ రాకూడదని మొక్కుకున్నాం. దాచే గుడ్డు ఖాళీ చేసిందే కావాలి. రెండు కొనలా లావు సూదితో రంధ్రం చేసి, లోపలి సొనను సూదితోనే కలిపి, మందుల దుకాణంలో కొన్న కొత్త సిరంజితో, సూది లేకుండా, పై రంధ్రంలోంచి గాలి తోయండి. సొన కింది గిన్నెలో పడుతుంది, ఆమ్లెట్టుకు పనికొస్తుంది, బాగా కాల్చి తినండి. నోటితో ఊదవద్దు, పచ్చి గుడ్డు పెంకు మీద క్రిములుంటాయి. పెంకును లోపలా బయటా కడిగి ఒక పూట ఎండబెట్టి, దారం ఎక్కించి ఎండు వేపకొమ్మకు వేలాడదీయండి.

అత్తగారి మనసుకు అన్నిటికంటే దగ్గరగా వెళ్ళేది బహుశా గుడ్డు కాదు, పళ్ళెంలో పెంచే ప్రభువు సమాధి తోట. మట్టల ఆదివారం నాడు ఒక పాత పళ్ళెంలో రెండంగుళాల మందాన మట్టి పరచండి. ఒక మూల చిన్న మట్టి ప్రమిదనో కుండపెంకునో బోర్లించి మట్టి కప్పి గుహలా చేయండి. మిగిలిన చోట నానబెట్టిన మెంతులు, ఆవాలు చల్లి రోజూ రెండు పూటలా తడపండి. ఈ ఎండకు మూడో రోజుకే మొలకెత్తుతాయి, ఎనిమిదో రోజుకు వేలెడు పచ్చిక. గుహ వాకిట్లో మామూలు రాయి పెట్టకండి. మీ వీధిలో ఎక్కడో ఇల్లు కడుతూనే ఉంటారు, అక్కడ అడిగి కడప బండ ముక్క తెచ్చుకుని, గుండ్రంగా అరగదీసి నిలబెట్టండి. దేశమంతా వంటింటి గట్లకు వేసే నల్లరాయి ప్రభువు సమాధికి మూతగా మన ఊళ్ళో ఉండకూడదా? శుక్రవారం సాయంత్రం బాబుతో ఆ రాయి అడ్డంగా పెట్టించండి. ఆదివారం పిల్లలు లేవకముందే అత్తగారే దాన్ని పక్కకు దొర్లించి పెడతారు. మట్టల ఆదివారం గుడిలో ఇచ్చిన మట్టను చీల్చి మడిచిన సిలువ పక్కన గుచ్చితే ఆ పళ్ళెం సగం ఆవిడదే అయిపోతుంది. కూరకు కొట్టిన గుడ్ల అరపెంకులు మిగిలితే, వాటిలోనూ మట్టి నింపి మెంతులు వేసి కళ్ళు ముక్కు గీయండి. మెంతాకు జుట్టు పెరిగాక కత్తిరించడం బాబు పని.

దాచి వెతికించే ఆట గురించి పాప తప్పక అడుగుతుంది. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న. ఏ తేదీ అయినా కడపలో ఎండే. ఉడికిన గుడ్డు మామూలు వేడిలో రెండు గంటలు బయట ఉండవచ్చు. 32 డిగ్రీలు దాటితే ఒక గంట, అంతే. ఆ తరువాత తినకూడదు. అందుకని తినే గుడ్లతో ఆ ఆట వద్దు. పల్లీ ఉండలను రంగు కాగితాల్లో గుడ్డులా చుట్టి దాచండి. లేదా ఒక బెలూన్ ఊది, పాత పేపరు ముక్కలను మైదా బంకతో నాలుగు పొరలు అతికించి డాబా మీద ఒక రోజు ఎండబెడితే పెద్ద గుడ్డు తయారవుతుంది. బెలూన్ పగలగొట్టి లోపల ఉండలు పోస్తే వీధి పిల్లలందరికీ సరిపోతుంది. పక్కింటి పిల్లలు ఏ పండుగ చేసుకునే వాళ్ళయినా పల్లీ ఉండకు అభ్యంతరం చెప్పరు.

తినే గుడ్లకు గ్రీకుల ఆట చాలు. శనివారం రాత్రి రంగు వేసినవి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక తీయండి. సూదికొన వైపు పైకి పెట్టి ఒకరు పట్టుకోవాలి, మరొకరు తమ గుడ్డు సూదికొనతో ఒక్క దెబ్బ కొట్టాలి. మొదటి జోడీ పాప, అవ్వ. ఎవరిది పగిలితే వాళ్ళు ఒలవాలి. ఒలిచినప్పుడు తెల్లసొన మీద పసుపు మరకో ఎర్రగడ్డ మరకో కనిపిస్తే భయం లేదు, రెండూ రోజూ కూరలో పడేవే.

పొట్టు ఒలిచిన ఎర్రగడ్డలు మీ వంటింట్లో ఎలాగూ ఉన్నాయి. వాటిని సన్నగా తరిగి, దోరగా వేయించి, చింతపండు పిండి పులుసు పొయ్యి మీద పెట్టండి. పగిలిన గుడ్లకు నాలుగు గాట్లు పెట్టి అందులో వేయండి. మొదటి గుడ్డు అత్తగారి కంచంలో. పన్నెండు ఉడికిస్తే పన్నెండూ పులుసులోకి రావాలి. పదకొండే కనిపిస్తే మాత్రం భోజనానికి కూర్చోకముందే బాబు జేబులు చూడండి.